ఆరింటికి పుట్టే దినం

దినం ఎప్పుడు మారుతుంది? పంచాంగం చూసేవారికి సూర్యోదయంతో. రైలు టికెట్టు చూసేవారికి అర్ధరాత్రి పన్నెండుకి. నెలవంక కోసం మేడలెక్కేవారికి పొద్దుగూకగానే. ఊళ్లు పట్టి తిరిగిన వాణ్ని కనుక ఈ తేడాలు నాకు వేడుకగానే ఉండేవి, కాజీపల్లి సత్తయ్య సంగతి వినేదాకా.

సత్తయ్య మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా రియాక్టర్ ఆపరేటరు. ఆ కంపెనీలో దినం పొద్దున ఆరింటికి పుడుతుంది. రాత్రి పదింటికి ఎక్కే సి షిఫ్టు తెల్లవారి ఆరింటికి దిగుతుంది. ఆ ఎనిమిది గంటలకూ లాగ్‌బుక్కులో ఒకటే తేదీ, షిఫ్టు ఎక్కిన నాటిది. పన్నెండు దాటినా మారదు. ఇరవై ఆరేళ్లు అలా రాసిన చెయ్యి ఇంట్లో మాత్రం ఇంకోలా లెక్కపెడుతుందా?

అతని కూతురు హర్షిణి మలేషియాలో ఉద్యోగం చేస్తుంది. మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. లోపల రాడ్డు వేశారు. సత్తయ్యకు సెలవు దొరకక భార్య నర్సింహమ్మను పంపాడు. మనవాళ్లకు అక్కడ ముప్పై రోజులదాకా వీసా అక్కర్లేదు, దిగిన రోజుతో కలిపి. ఆమె జూన్ పదహారు పొద్దున దిగింది. అంటే జూలై పదిహేను ఆఖరు.

పటాన్‌చెరులో టికెట్లు తీసే నాగేశ్వర్ హెచ్చరించాడు కూడా. "సత్తన్నా, ఒక్క దినం దాటిందనుకో, పేరు కంప్యూటర్ల ఎక్కుతది. జుర్మానా ఉంటది. మల్లోపారి రానిస్తరో లేదో చెప్పలేం."

"నాకు చెప్తున్నవా? తారీకులు రాసుకుంటనే ముసలోణ్ణైన. పదిహేను రాత్రికి తియ్యి."

అక్కడినుంచి రాత్రి ఒంటి గంట ఇరవైకి ఒక విమానం ఉందంటే, సత్తయ్య అదే కావాలన్నాడు, నాగేశ్వర్ తీసిచ్చాడు. టికెట్టు మీద పదహారని ఉన్నా, సత్తయ్య కంటికి అది పదిహేను రాత్రే. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జూలై పదిహేను పొద్దున ఆరింటికి ఎ షిఫ్టు ఎక్కాడు. రాత్రివాళ్లు రాసిపోయిన పుస్తకం తిరగేస్తుంటే, కొత్తగా చేరిన కెమిస్టు నిఖిలేష్ తొంగిచూశాడు.

"సత్తన్నా, ఒంటి గంట ఇరవైకి స్టీమ్ తెరిచినమని ఉంది. అంటే ఇయ్యాలనే గదా? పద్నాలుగు అని రాసిండ్రేంది?"

"కంపెనీల దినం ఆరింటికి పుడ్తది సారూ. కాలేజీల చెప్పలేదా?" అని నవ్వాడు.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒంటి గంట ఇరవై. ఇవాళ రాత్రి ఒంటి గంట ఇరవై. బయటి లోకానికి అది పదహారు. ముప్పై ఒకటో దినం.

సత్తయ్య పుస్తకం మూసేశాడు. జుర్మానా సంగతి కాదు. అక్టోబరులో హర్షిణి కాలిలో రాడ్డుకు బిగించిన మరలు తీస్తారు. అప్పుడు తల్లి మళ్లీ పోవాలి. పేరు కంప్యూటరులో ఎక్కితే ఆ పిల్ల ఆపరేషను బల్లమీద ఒక్కతే.

ఫోను చేద్దామంటే, నిప్పురవ్వ పడితే అంటుకునే చోటు కనుక ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టి రావాలి. నిఖిలేష్‌ను బతిమాలి, ఇంకో ఆపరేటరు యాదన్నకు రియాక్టరు అప్పగించి గేటుకు పరుగెత్తాడు.

"బిడ్డా, తప్పు చేసిన," అన్నాడు ఫోనులో. చెప్పింది విని హర్షిణి వెంటనే వేరే టికెట్టుకు ప్రయత్నించింది. అంతకుముందు విమానాల్లో సీట్లు లేవు. మధ్యాహ్నానికి ఆ పిల్లే దారి వెతికింది. అక్కడి అధికారులు చూసేది విమానం లేచే గంట కాదు, పాస్‌పోర్టు మీద ముద్ర పడే గంట. సామాను తీసుకునే కౌంటరు అక్కడి రాత్రి పది దాటాక తెరుస్తారు. పన్నెండులోపు అమ్మ ముద్ర వేయించుకుంటే చాలు. మన గడియారంలో తొమ్మిదిన్నర.

ఇంట్లో ఉండగా రాత్రి తొమ్మిదికి ఫోను వచ్చింది. "బాపూ, అమ్మ లోపటికి పోయింది. నన్ను పోనియ్యరు. లైను చాంతాడంత ఉంది."

"అమ్మతోని మాట్లాడిపియ్యి."

"ఎట్ల? ఇంట్ల వైఫై దాటితే ఆమె ఫోను పలకదు బాపూ."

సత్తయ్య గోడ గడియారం కింద కూర్చున్నాడు. నేను సరిహద్దులు కొన్ని దాటాను. నేపాల్ పోయేటప్పుడు ఎన్నాళ్లుంటావని నన్నడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇంకోచోట ముద్రవేసే మనిషి తల ఎత్తి చూస్తే, ఏ తప్పూ చేయకుండానే నాకు నోరెండిపోయింది. ఆ తప్పేదో చేసి, దాన్ని భాష రాని భార్య నెత్తిన పెట్టి పంపినవాడి సంగతి ఏం చెప్పను? తొమ్మిదీ ఇరవై. తొమ్మిదిన్నర. అయిపోయింది. ఏమైందో చెప్పేవాళ్లు లేరు. పట్టుకుని ఏ గదిలోనైనా కూర్చోబెట్టారేమో. నీళ్లన్నా అడగగలదా?

తెల్లవారుజామున శంషాబాదు విమానాశ్రయంలో నర్సింహమ్మ బయటికి రాగానే అతను సంచి అందుకోలేదు. పాస్‌పోర్టుకు చెయ్యి చాపాడు.

"మంచిగున్నవా అని అడగవా?"

"ముందు అది ఇయ్యి."

పేజీలు తిప్పుతుంటే ఆమె చెబుతూనే ఉంది. "బిడ్డ ఇంగ్లీషుల చిట్టి రాసిచ్చింది. దాన్ని సూపెట్టుకుంట, దండం పెట్టుకుంట ముందటికి పోయిన. ఆ సారు నా బుక్కు సూశిండు, గడియారం సూశిండు, ఏళ్లమీద లెక్కవెట్టిండు. నా పానం పోయిందనుకో. మల్లొకసారి లెక్కవెట్టిండు."

ముద్ర దొరికింది. పదిహేను. సత్తయ్య దాన్ని వేలితో తడిమి, దీపం కిందికి పట్టి ఇంకోసారి చూశాడు.

"కంపెనీ దినం కంపెనీల్నే పెట్టిరా ఇగ," అంది నర్సింహమ్మ సంచి అతని భుజానికి తగిలిస్తూ. "దసరా దాటినంక తారీకు నువ్వు చెప్పకు. నాగేశ్వర్‌నే చూసి తియ్యమను, పగటి పూటది."

"సరే," అన్నాడు. పాస్‌పోర్టు మాత్రం ఇల్లు చేరేదాకా ఆమెకు తిరిగి ఇవ్వలేదు.