మందు తాగిన తేనెటీగ

మా బావ పోయాడు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే దర్శి నుంచి అక్క ఫోన్ చేసి, "మీ బావ ఇక లేడురా" అని ఒక్క మాటే చెప్పింది. ఏడుస్తూనే బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అందరికంటే పెద్ద దండ తెచ్చి వేస్తున్నాడు పురుగుమందుల షాపాయన. నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపాలు పక్కన పెట్టాలంటారు. నా వల్ల కాదు, మీరే క్షమించాలి.

బావకు దర్శిలో ఫోటో స్టూడియో. ఎవరి పెళ్లి తీసినా రీల్లో చివరి మూడు బొమ్మలు మిగుల్చుకుని, మర్నాడు చేలమీద పడేవాడు. లెన్స్ తిరగేసి, సైకిల్ ట్యూబు ముక్కతో కెమెరాకి బిగించి, పత్తి పువ్వు ముందు బోర్లా పడుకునేవాడు. ఊపిరి బిగబట్టి, తేనెటీగ కాలికి అంటిన పుప్పొడి దాకా తీసేవాడు. "పెళ్లికొడుకునైతే ఇటు చూడమంటాం. దీన్ని అనలేం కదరా, మనమే కాచుకోవాలి" అనేవాడు. చొక్కా నిండా మట్టితో ఇంటికొస్తే అక్క తిట్టేది, ఆయన నవ్వేవాడు.

తొంభైల చివర్లో ఒక ఏడు నా నాలుగెకరాల పత్తిని పచ్చపురుగు తినేసింది. ఆ షాపాయన ఇచ్చిన మందు ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. అడగబోతే, షాపు నిండా జనం ఉండగా, "మందు మంచిదే. నీకే కలపడం రాదు. చేతగాకపోతే గేదెలు కాసుకో" అన్నాడు.

మర్నాడు బావ కెమెరాతో చేలోకొచ్చాడు. "కొత్త డబ్బా విప్పు. నా ఎదురుగా కలిపి కొట్టు" అన్నాడు. కొట్టాను. ఆకు మీద నిలిచిన మందు చుక్క పక్కన ఒక తేనెటీగ వాలింది. నాలుక చాపి తాగింది. ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది. పక్క పువ్వు మీదికి ఎగిరిపోయింది. బావ రీల్లో మిగిలిన మూడు బొమ్మలూ దానికే అయిపోయాయి.

"ఈగే చావని మందుకి పురుగు చస్తుందేంట్రా?" అన్నాడు బావ, మట్టి దులుపుకోకుండానే. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

ఆ రీలు షాపాయన కూతురి పెళ్లిదే. "ఆల్బమ్ చివర వీటిని అంటించు బావా, వియ్యంకుల ముందు పరువు పోవాలి" అని పట్టుబట్టాను. "ఆ పిల్లేం చేసిందిరా?" అని కసిరాడు. ఆయన వేరే చోటు చూసుకున్నాడు. స్టూడియో అద్దాల కిటికీలో, పెళ్లికూతుళ్ల ఫోటోల మధ్య, మొహం తుడుచుకుంటున్న తేనెటీగను పెట్టి, కింద మందు పేరు రాశాడు. ఎదురుగానే ఆ పురుగుమందుల షాపు. రైతులు ఫోటో చూసి అటునుంచి అటే పోవడం మొదలుపెట్టారు. ఫోటో తీసెయ్యమని షాపాయన ఊగిపోతూ వచ్చాడు. "ఎందుకండీ తీసెయ్యడం, ఫోటో బాగా రాలేదా?" అన్నాడు బావ.

ఎండకి రంగు వెలిసేది. ఏటా పత్తికి మందు కొట్టే రోజులు రాగానే కొత్త ప్రింటు పెట్టేవాడు. పోయేదాకా ఆపలేదు. నా పంట తిరిగి రాలేదు గానీ, ఆ కిటికీ ముందు నిలబడ్డ ప్రతిసారీ నా కడుపు చల్లబడేది. చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఆ రోజు దండ వేశాక షాపాయన అక్క దగ్గరికొచ్చి, "మంచి మనిషమ్మా. ఇంక ఆ ఫోటో తీసేయిస్తే..." అని నసిగాడు. అక్క తలెత్తలేదు. ఒప్పుకుంటుందేమోనని నాకు భయమేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క స్టూడియో తాళంచెవి, నెగెటివ్ ఉన్న కవరు నా చేతిలో పెట్టింది.

"రంగు వెలిసిందిరా. ఒంగోలు పోయి కొత్తది వేయించుకురా. ఈసారి కిటికీ అంత."

ఇప్పుడు ఆ కిటికీలో పెళ్లికూతుళ్లకు చోటు లేదు. షాపాయన కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంటున్నాడు. ఆయన వీపు వెనక, అద్దం నిండా, తేనెటీగ తాపీగా మొహం తుడుచుకుంటోంది.