ఎడమ సీట్లో అరవై కిలోలు

దెయ్యాన్ని చూశానని చెప్పిన ప్రతి మనిషినీ నేను ఒకటే అడిగేవాడిని: బరువెంత? చీర రంగు చెప్పేవాళ్ళున్నారు, పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పేవాళ్ళున్నారు గానీ, బరువు చెప్పినవాడు ఒక్కడూ లేడు. కొలత లేనిదాన్ని నేను నమ్మను. దెయ్యాలను కొట్టిపారేయడానికి ఈ ఒక్క ప్రశ్న చాలనుకునేవాడిని.

అందుకే ఇది రాయడం నాకు కొంచెం నామోషీగా ఉంది. నా విషయంలో చీర లేదు, పాదాలు లేవు. బరువు ఒక్కటే ఉంది. అరవై కిలోలు. కాటా చీటీలతో సహా.

రెండువేల మూడో, నాలుగో. మాది చిలకలూరిపేట. హైవేని వెడల్పు చేస్తున్న రోజులు. ఊరి బయట కొత్త రోడ్డు ముక్క ఒకటి పూర్తయి కూడా తెరవకుండా పడుంది. దాని మీద సగం మేర రైతులు మిరపకాయలు ఆరబోశారు. మిగిలిన సగంలో మేం కార్లు పరిగెత్తించేవాళ్ళం. రెండు కల్వర్టుల మధ్య టేపు పట్టి కొలిస్తే సరిగ్గా నాలుగు వందల మీటర్లు. ఆదివారం పొద్దున ఆరున్నరకి రేసు, ఎనిమిదింటికి ఇడ్లీ. అంతకు మించిన సాహసం మాకు లేదు.

నాది సెకండ్ హ్యాండ్ టర్బో డీజిల్ కారు. టర్బో అంటే బ్రహ్మవిద్యేం కాదు. సైలెన్సరు వైపు పోయే పొగ ఒక చిన్న ఫ్యానును తిప్పుతుంది, ఆ ఫ్యాను ఇంజన్లోకి గాలి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిలూ ఎక్కువ పోయొచ్చు. గుంటూరు ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు సెట్ చేసే బాజీ నా స్నేహితుడు. ప్రతి శనివారం వచ్చి పంపు మీద స్క్రూ అర చుట్టు తిప్పేవాడు, టర్బో పక్కనున్న రాడ్డు రెండు మరలు బిగించేవాడు, "శీనన్నా, ఇప్పుడు చూడు" అనేవాడు. చూస్తే పొగ నల్లబడేది. వేగం సంగతి వచ్చే శనివారం చూద్దామనేవాడు. పత్తి సీజన్ కావడంతో ఎయిర్ ఫిల్టరు విప్పినప్పుడల్లా దిండు కుట్టుకునేంత దూది వచ్చేది.

మొదటి తేడా అప్పుడే కనపడింది, మేం దాన్ని విజయం అనుకున్నాం. నేనొక్కడినే తోలితే నాలుగు వందల మీటర్లకు పంతొమ్మిదిన్నర సెకన్లు పట్టింది. బాజీని పక్కన కూర్చోబెట్టుకుని తోలినా పంతొమ్మిదిన్నరే. నాలుగుసార్లు చూశాం, అంతే. మనిషెక్కినా బండికి తెలియడం లేదని బాజీ స్టాప్‌వాచ్‌కి దణ్ణం పెట్టాడు. ఆ రెండో మనిషి బరువు నేనొక్కడినే ఉన్నప్పుడు కూడా బండి మోస్తోందేమో అన్న అనుమానం ఇద్దరికీ రాలేదు. ఎందుకొస్తుంది?

నాకు పోటీ మా మేనమామ కొడుకు కిశోర్. వాడిది పెట్రోలు కారు, తేలిక. మావయ్యకి పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లుంది. తేలిక కారు ఊరికే గెలవకూడదని మేమొక రూలు పెట్టుకున్నాం: రెండు కార్లనూ మిల్లు కాటా మీద తూచి, తేడా ఎంతుంటే అంతకి తేలిక కారులో పత్తి గింజల బస్తాలు వెయ్యాలి. ఓడినవాడు గడియారస్తంభం దగ్గర అందరూ చూస్తుండగా గెలిచినవాడి కారు కడగాలి. ప్రపంచంలో ఇంకెక్కడా రేసు కార్లలో పత్తి గింజలు వేసి ఉండరు.

కాటా అంటే లారీని లారీగా తూచే ఇనప ప్లాట్‌ఫాం. పక్కన కిటికీ ఉన్న గది. ఆ గదిలో ఇరవై ఏళ్ళుగా సుబ్బారావు గారు. చుట్టుపక్కల పల్లెల రైతులు నాలుగు మిల్లులు దాటుకుని మావయ్య మిల్లుకి వచ్చేది మావయ్య మొహం చూసి కాదు, సుబ్బారావు గారి కాటా చూసి. ఆయనకొక అలవాటు ఉంది. ప్రతి చీటీ మీదా బండిలో ఎంతమంది ఉన్నారో చేత్తో రాస్తారు. నిండు బండి తూచేటప్పుడు ఇద్దరు ఎక్కి కూర్చుని, ఖాళీ బండి తూచేటప్పుడు దిగిపోతే, ఆ ఇద్దరి బరువూ పత్తి కింద లెక్కకొస్తుంది. ఆయన దగ్గర ఆ పప్పులుడకవు.

రేసు ముందు శనివారం నా కారు కాటా ఎక్కించి, దిగి కిటికీ దగ్గరికొచ్చాను. వెనక సీటు, స్టెప్నీ తీసేశాం. కంపెనీ పుస్తకంలో బరువులోంచి అవి తీసేస్తే వెయ్యీ ఎనభై రావాలి. వెయ్యిన్నీ నూటనలభై వచ్చింది. ఆ కాటా పది కిలోల లెక్కనే చూపిస్తుంది కాబట్టి అటో ఇటో పది అనుకోవచ్చు. అరవై అనుకోలేం.

చీటీ చూస్తే కింద 'మనుషులు: 1' అని ఉంది.

"ఏందండీ ఇది? నేను ఇక్కడ మీ ముందు నిలబడితే కారులో మనిషెక్కడ?" అన్నాను.

"ఎడం పక్క కూర్చునుంటే రాశానయ్యా. నేను చూడంది రాయను," అన్నారాయన తలెత్తకుండా.

ఇద్దరం చూశాం. కారు ఖాళీగా ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఒకటి కొట్టేసి సున్నా చేశారు. అంకె మాత్రం నూటనలభై దగ్గరే ఉంది.

కిశోర్ నవ్వాడు. "ఏరా శీనుగా, ఇనప ముక్క ఎక్కడ దాచావు? తూకంలో నీది బరువెక్కితే నా కారులో ఇంకో బస్తా పడుద్ది. నువ్వు రేప్పొద్దున అది తీసి పారేస్తావు. అంతేగా?"

అక్కడ పత్తి ట్రాక్టర్లతో పదిహేనుమంది రైతులు వరసలో ఉన్నారు. అందరూ నా వైపే చూశారు. నాకు ఒక జబ్బుంది. సిగ్గేస్తే జోకేస్తాను. "నా కారులో ఏం లేదు బావా. మీ కాటానే తిన్నది అరక్క అరవై కిలోలు ఉబ్బింది. ఈ లెక్కన ఇరవై ఏళ్ళలో రైతుల దగ్గర ఎంత మింగిందో!" అన్నాను.

రైతులు నవ్వారు. కిశోర్ కూడా నవ్వాడు. సుబ్బారావు గారు నవ్వలేదు.

ఆదివారం నేను ఓడిపోయాను. మూడు బస్తాల గింజలు మోస్తూ కూడా కిశోర్ కారు నన్ను దాటిపోయింది. అది చిన్న సంగతి. పెద్ద సంగతి మంగళవారానికి తెలిసింది. నా జోకు నాకంటే ముందే పల్లెలకి వెళ్ళిపోయింది. పదకొండు ట్రాక్టర్లు మావయ్య మిల్లు గేటు ముందు నుంచే పక్క మిల్లుకి పోయాయి.

మావయ్య నన్ను పిలిపించాడు. "కాటా మనిషిని మార్చానంటే రైతులు మళ్ళీ వస్తారు. సోమవారం దాకా చూస్తా. తేలకపోతే సుబ్బారావుని మానిపించి వేరేవాణ్ణి పెడతా."

"ఆయన తప్పేం లేదు మావయ్యా. నేను జోకేశాను."

"జోకని నువ్వు ఊరూరా తిరిగి చెబుతావా? వాళ్ళకి ఇప్పుడు ఎవడో ఒకడు దొంగ కావాల. నువ్వు పనికిరావు, మేనల్లుడివి."

బయటికొస్తుంటే సుబ్బారావు గారు కిటికీలో కనపడ్డారు. తిడతారేమో అనుకున్నాను. ఖాళీ ప్లాట్‌ఫాం మీద అంకె సున్నా దగ్గరే ఉందో లేదో చూసుకుంటున్నారు. తిట్టినా బాగుండేది.

ఆ వారమంతా నేను అందరినీ అనుమానించాను. ముందు కిశోర్‌ని. నన్ను ఇరికించడానికి వాడే ఇనుము పెట్టుంటాడని బాజీతో కలిసి డోర్ల అట్టలు, మ్యాట్లు, డ్యాష్‌బోర్డు, ఎడమ సీటు విప్పేశాను. మిరప గింజలు ఏడు, జడ పిన్ను ఒకటి, నేను పోగొట్టుకున్న పెన్ను దొరికాయి. మూడూ కలిపి అరవై కిలోలు ఉండవు.

తర్వాత బాజీనే అనుమానించాను. వాడు అలిగి సాయంత్రం దాకా మాట్లాడలేదు. తర్వాత సుబ్బారావు గారిని కూడా అనుమానించాను, అది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. కారు తీసుకెళ్ళి హైవే మీద మాకెవరికీ సంబంధం లేని ఇంకో కాటా ఎక్కించాను. వెయ్యిన్నీ నూటనలభై. ఎడమ సీటు ఊడదీసి బయట పెట్టి మళ్ళీ తూచాం. వెయ్యీ అరవై. ఆ సీటు బరువు ఇరవై కిలోలు. ఎనభై తగ్గింది.

కారు అమ్మిన పాత ఓనర్ ఒంగోలు అవతల పొగాకు వేస్తాడు. అక్కడికీ వెళ్ళాను. ఈ కారులో ఎవరో పోయారని ఆయన చెబితే కథ తేలిగ్గా తెమిలిపోతుందని ఆశ. ఎవరూ పోలేదు. ఇంటిల్లిపాదీ నిక్షేపంలా ఉన్నారు, నాకు మజ్జిగ కూడా ఇచ్చారు. "యాక్సిడెంటా? గీత కూడా పడలేదయ్యా. ఒక్కటే, మైలేజీ ఇచ్చేది కాదు. ఒక్కణ్ణే పోయినా ఇద్దరం పోయినట్టు తాగేది," అన్నాడాయన. నేను మజ్జిగ సగంలో ఆపేశాను.

సోమవారం పొద్దున పదింటికి మావయ్య కొంతమంది రైతులను పిలిపించాడు. ఇరవైమంది దాకా వచ్చారు. కిశోర్ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సుబ్బారావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉద్యోగానికి వచ్చే మనిషి కాదాయన.

ముందు తూనికల శాఖ ముద్ర ఉన్న ఇరవై కిలోల తూకపు గుండ్లు ఒక్కొక్కటే ప్లాట్‌ఫాం నాలుగు మూలలా పెట్టి చూశారు. ప్రతి మూలా ఇరవైకి ఇరవై. గుండ్లు మావయ్యవే కదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. న్యాయమే, నేనైనా అదే అంటాను.

సీటు మళ్ళీ బిగించిన ఖాళీ కారు ఎక్కించాను. నూటనలభై. బాజీ అరవై కిలోల మనిషి. వాణ్ణి ప్లాట్‌ఫాం మీద కారు పక్కన నిలబెడితే వెయ్యిన్నీ రెండొందలు. సరిపోయింది. ఇప్పుడు ఎడమ సీట్లో కూర్చోమన్నాను. కూర్చుని తలుపేసుకున్నాడు.

అంకె కిందికి పోయింది. వెయ్యిన్నీ నూటనలభై.

"ఇరుక్కుపోయిందిరా కాటా," అన్నాడొక రైతు.

బాజీని దిగి పక్కన నిలబడమన్నాను. రెండొందలు. ఎక్కమన్నాను. నూటనలభై. ఆ రైతు నమ్మక, బాజీని లాగేసి తనే వచ్చి ఎక్కాడు. ఆయన తొంభై కిలోలు. ముందు విడిగా తూచాం. ఆయన సీట్లో కూర్చుంటే తొంభై పెరగాల్సిన అంకె ముప్పయ్యే పెరిగింది.

ఆ రైతు ఆ సీట్లోంచి దిగిన వేగం మా కార్లు రెండింటికీ లేదు.

మావయ్య నా వైపు చూశాడు. సుబ్బారావు గారు కూడా చూశారు. ఆ క్షణంలో నాకు రెండే దారులున్నాయి. కాటాలోనే ఏదో ఉందని భుజాలెగరేస్తే నా నమ్మకం నాకు మిగులుతుంది, సుబ్బారావు గారు ఉద్యోగం పోయి ఇంటికి పోతారు. లేదంటే రెండోది చెప్పాలి.

"కాటా సరిగ్గా ఉందండీ. తేడా నా కారులో ఉంది. ఆ సీట్లో అరవై కిలోల మనిషి ఉన్నాడు. ఎవరైనా వస్తే మర్యాదగా లేచి చోటిస్తున్నాడు," అన్నాను. నా జీవితంలో జోకు కాకుండా అంతమంది ముందు మాట్లాడటం అదే మొదలు.

ఆ తొంభై కిలోల రైతే కండువా దులుపుకున్నాడు. "సరే, నీ కారు గొడవ నీది. మా ట్రాక్టర్లలో ఎవడూ లేడుగా? తూచండి సుబ్బారావు గారూ, ఎండెక్కుతోంది."

అంతే. మధ్యాహ్నానికి గేటు బయట దాకా వరస. సుబ్బారావు గారు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు చేసి తనంతట తనే మానుకున్నారు. నేను మాటిచ్చిన ప్రకారం గడియారస్తంభం దగ్గర కిశోర్ కారు కడిగాను. వాడు ఒక్క మాట కూడా ఎగతాళి చెయ్యలేదు. అదొక్కటే నాకు బాధ.

కారు రెండు నెలల్లో అమ్మేశాను. ఎడమ సీట్లో ఒకాయన ఉంటాడని కొన్నతనికి నిజమే చెప్పాను. పడీపడీ నవ్వి, మీరు భలే సరదా మనిషండీ అన్నాడు. ఇరవై ఏళ్ళు జోకులేసినవాడికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే.

ఆ చీటీలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. కాటా అడుగున బరువు పసిగట్టే లోడ్ సెల్స్ గురించి తెలిసిన ఇంజనీర్లకు ఇద్దరికి చూపించాను. ఒకాయన గాలి తోపు వల్ల అన్నాడు, ఒకాయన నన్నే అనుమానించాడు. రెండో ఆయనే నాకు నచ్చాడు. నాకు మాత్రం ఈ రోజుకీ లెక్క తేలలేదు.

సుబ్బారావు గారిని ఒకసారి అడిగాను, మొదటి రోజు మీకు కనపడ్డ మనిషి ఎలా ఉన్నాడని. "మొహాలెవరు చూస్తారయ్యా. తల కనపడింది, ఒకటి రాశాను," అన్నారు.

నన్ను తొలిచేది ఆ తల కాదు. బాజీ సీట్లో ఉన్నంతసేపూ ఆ అరవై కిలోలు కారులో లేవు. ప్లాట్‌ఫాం మీదా లేవు, ఉంటే అంకె చెప్పేది. అంటే దిగి, కింద మా మధ్యన నిలబడ్డట్టే. ఆ సోమవారం కిటికీ దగ్గర ఎంతమందిమి ఉన్నామండీ అని కూడా ఆయన్ని అడిగాను.

తెలియదన్నారు. ఆయన లెక్క బండిలో ఉన్నవాళ్ళదేనట, కింద నిలబడ్డవాళ్ళది కాదట.