దూది కుక్కిన స్కేట్లు

గరాజ్‌లో నాన్న కొట్టు నాటి అట్టపెట్టె తెరవగానే ముందు ఇంగువ వాసన కొట్టింది, దాని వెనకే పాత తోలు వాసన, తుప్పు వాసన. హాల్లో టీవీలో వింటర్ గేమ్స్ హైలైట్స్ వస్తున్నాయి. మంచు మీద స్కేటింగ్ ఫైనల్ మొదలవగానే నేను లేచి ఇటొచ్చేశాను. మమ్మల్ని చూడటానికి వచ్చిన అక్క మాత్రం సోఫాలోనే కూర్చుంది.

మెల్‌బోర్న్ పడమటి వైపు మా నాన్నకి సరుకుల కొట్టుండేది. ఒకే వరసలో ఆరు కొట్లు. ఇక్కడ జులై అంటే చలికాలం, షట్టర్ ఎత్తితే వేళ్లు ఇనుముకి అంటుకుపోయేవి. నాన్న బియ్యం బస్తాల మధ్య హీటర్ పెట్టుకుని, బోణీ బేరం కదా అని తొలి గిరాకీని వట్టి చేతుల్తో పోనిచ్చేవాడు కాదు. ఇక్కడ ఆకురాలే కాలంలో వచ్చే ఉగాదికి మామిడికాయ దొరక్క అమ్మ ఆకుపచ్చ ఆపిల్ తరిగి పచ్చట్లో వేసి, “వగరూ పులుపూ ఒక్క ఖర్చుతో” అని మురిసిపోయేది. అలాంటి చోట పెరిగిన నేను పదకొండేళ్లకే దేన్నయినా సగానికి అడిగేదాన్ని, ఆఖరికి లైబ్రరీ ఫైన్ కూడా. అప్పుడు గల్లాపెట్టె వెనక నాన్న మీసాల్లో నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే అదంతా.

మా ఇంట్లో బూట్లకి ఒక శాసనం: ఎదిగే కాలికి ఒక సైజు పెద్దది కొనాలి, ముందు దూది కుక్కాలి. అక్కా నేనూ స్కూలుకి టపటపలాడుతూనే వెళ్లాం.

పదిహేనేళ్లకి అక్క జపాన్‌లో జరిగే జూనియర్ల అంతర్జాతీయ ఐస్ స్కేటింగ్ పరుగు పోటీకి ఎంపికైంది. పాత స్కేట్లు కాలు కరుస్తున్నాయని, అక్క స్కేటింగ్ నేర్చుకునే రింక్ దగ్గర వాడేసిన సామాన్లు అమ్మేచోటికి పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. ఒక జత పెద్ద సైజని ఎవరూ ముట్టుకోలేదు. ఆ అమ్మే ఆవిడకి బోణీ అంటే ఏమిటో ఇంగ్లీషులో విడమరిచి చెప్పి, ధర సగానికి దించాను.

“లూజుగా ఉన్నాయే,” అంది అక్క.

“దూది పెడితే సరిపోద్ది. రెండేళ్లు వస్తాయి.”

అక్క నా మొహం చూసి డబ్బులు తీసిచ్చింది.

ఆ సాయంత్రం నాన్న వాటిని ఆరు కొట్లకీ తిప్పాడు. “మా చిన్నది చేసిన బేరం!” పక్కన బట్టల కొట్టు లలితా ఆంటీ, “అన్నయ్యగారూ, ఇల్లు కొనేప్పుడు దీన్నే తీసుకెళ్లండి, అమ్మేవాడే ఎదురిచ్చి పంపుతాడు,” అంది. మర్నాడు కోచ్, సైజు సరిపోయిందా అని అడిగితే, రెండు జతల సాక్సులు తొడిగి లేసులు బిగిస్తున్న అక్క నావైపు చూసి, “పర్ఫెక్ట్,” అంది.

పోటీ రోజు వరసంతా మా కొట్లో కంప్యూటర్ చుట్టూ చేరింది. మిరపకాయ బజ్జీలు, అల్లం టీ. ముందు ఫలితాలొచ్చాయి. అన్నిటికంటే కింద అక్క పేరు. టైము ఉండాల్సిన చోట, రేసు ముగించలేదని చెప్పే మూడు ఇంగ్లీషు అక్షరాలు. తర్వాత హైలైట్స్. రెండో మలుపులో స్కేటు ఒకవైపు, లోపల మడమ ఇంకోవైపు. అక్క గోడదాకా జారిపోయింది. ఆ సందులోంచి దూసుకెళ్లిన పిల్లే చివరికి గెలిచింది. ఆ పిల్ల గెలుపు కథంతా మా అక్క పడటంతోనే మొదలవుతుంది కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ చూపించారు. ఎవరి కొట్టుకి వాళ్లు వెళ్లిపోయారు. బజ్జీలు అలాగే మిగిలాయి.

కుంటుకుంటూ వచ్చిన అక్క, “ఐస్ బాలేదు నాన్నా,” అంది. మళ్లీ మంచు మీదకి వెళ్లలేదు. నాన్న పోయేదాకా ఆ మాటే నమ్మాడు. నేనూ నిజం చెప్పలేదు.

ఇరవయ్యేళ్లయింది. ఆ వరస పడగొట్టి జిమ్ కట్టారు, రింకేమో గోడౌనయింది. లలితా ఆంటీ ఎక్కడుందో తెలీదు.

వెనక అడుగుల చప్పుడు. అక్క ఇప్పటికీ కుడికాలు ఈడుస్తుంది. నా చేతిలో స్కేటు తీసుకుంది, పచ్చబడ్డ దూది సర్దింది, పెట్టె మీద కూర్చుని కాలు దూర్చింది.

“ఇంకా లూజేనే,” అంది.