డాక్టరు జేబులో తాత టోకెను

ఆ రోజుల్లో మా బంగారు గనుల ఊళ్లో ఎన్నికలంటే చెవులకు పండగ. ఒకే హామీని తమిళంలో ఒకరు, కన్నడంలో ఒకరు, తెలుగులో ఒకరు జీపులో కూర్చుని మైకులో చెప్పాలి. డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న నాకు తెలుగు వంతు దక్కింది. (గొంతు బాగుందని కాదు, నా అరుపు నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుందని అందరికీ తెలుసు.) ఎన్నికల్లో నిలబడి మమ్మల్ని తిప్పే పార్టీ పెద్ద నడివేసవిలో కూడా సఫారీ సూటు విప్పడు కాబట్టి సఫారీ అన్న అనేవాళ్లం.

ఆ ఏడు మా హామీ ముసలివాళ్ల ఆరోగ్యం. "పెద్దలారా, డాక్టరే మీ దగ్గరికి వస్తాడు, ఎక్స్‌రే ఉచితం" అని లైన్లన్నీ (గని కార్మికుల వరస ఇళ్లను అలాగే అంటాం) తిరిగి అరిచాను. అరుస్తున్నంతసేపూ నా మనసు మా తాత దగ్గరే ఉంది. భూమి లోపల గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిచేసి రిటైరైన మనిషి, నెలల తరబడి దగ్గుతున్నాడు. ఆయన తోటివాళ్లలో కొందరిని ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము పొట్టన పెట్టుకుంది. అందుకే డాక్టరు మాటెత్తితే చాలు, "చూపిస్తేనే కదమ్మా జబ్బుకు పేరు పెట్టేది. అంతవరకూ అది వట్టి దగ్గే" అనేవాడు. ఆయన ఎక్కడ దక్కకుండా పోతాడోనని నాకు లోలోపల భయం.

మర్నాడు పొద్దున పార్టీ ఆఫీసుకు వెళ్తే, వాకిట్లో రిటైరైన కార్మికులు బారులు తీరి ఉన్నారు. అందరి చేతుల్లో నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్లు. గనిలోకి దిగేటప్పుడు టోకెను ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం వాళ్లకు అలవాటు. (రిటైరైనప్పుడు అది అప్పగించి రావాలి. వీళ్ల దగ్గర ఎలా మిగిలిందో అడగడం మర్యాద కాదు.) అందరికంటే ముందు, తెల్లారకుండానే ఇంట్లోంచి జారుకున్న మా తాత.

"నువ్వేంది తాతా, ఈడ?"

"నువ్వే కదా పాపా మైకులో చెప్పినావు. గనిలో చెప్పిన పని మరుసటి షిఫ్టులో జరగాల. గ్యాంగంతా దిగతా ఉంటే నేనొక్కణ్నే పైన కూచుండేదా? డాక్టరు యాడ?"

సఫారీ అన్న నన్ను పక్కకు లాగాడు. "గెలిచినాక కదమ్మా డాక్టరు. వీళ్లకి నయంగా చెప్పి పంపించెయ్."

ఇవాళ వెనక్కి తిరిగితే తాత ఇంక ఏ డాక్టరు ముందూ కూర్చోడు. "అన్నా, ఎదురు పార్టీ ఆఫీసు రోడ్డు దాటితే ఉండాది. ఈ వరస ఇట్లే ఆడికి పోతే నేను ఆపలేను" అన్నాను. సఫారీ చెమటతో తడిసిపోయింది. ముళబాగిలు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన తన బావమరిదిని, పాపం డాక్టరు చదివినందుకు, ఇడ్లీల ముందు నుంచి లేపి తీసుకొచ్చాడు.

తాత తన టోకెను ఆ డాక్టరు చేతిలో పెట్టి చొక్కా విప్పాడు. ఆయన అదేమిటో తెలియక జేబులో వేసుకున్నాడు. తక్కిన అందరి టోకెన్లూ అదే జేబులోకి పోయాయి. డాక్టరు తాత ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విని, "దీనికి ఎక్స్‌రే చూడాల" అన్నాడు. మైకు జీపులోనే విడతలుగా అందరం కోలారు ఆసుపత్రికి పోయాం. ఆయన తాత ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "దుమ్ము గిమ్ము ఏమీ లేదప్పా. బీడీ దగ్గు. మానెయ్" అని చెప్పి బస్టాండుకు నడిచాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తాత మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదు.

"బాగుండావంట కదా తాతా, పోదాం రా."

"టోకెను రాలేదు పాపా. అది చేతికి రాకుంటే మనిషి ఇంగా లోపలున్నట్లే లెక్క."

పరుగెత్తిపోయి, బస్సు ఎక్కబోతున్న డాక్టరును పట్టుకున్నాను. ఇత్తడి బరువుకు ఆయన జేబు సాగిపోయి ఉంది. విషయం చెబితే నవ్వి అన్నీ నా ఓణీ కొంగులో పోశాడు. తాత వాటిలోంచి తన నంబరు వెతికి తీసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గి, "ఇప్పుడు పైకొచ్చినాను. టీ తాగుదాం పా" అన్నాడు. అంత తేలికైన మనసుతో నేను మళ్లీ ఎన్నడూ టీ తాగలేదు.

సఫారీ అన్న ఓడిపోయాడు. పోలింగుకు ముందే హామీ నెరవేర్చి ఓడిపోయిన మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. తాత ఆ దగ్గుతోనే చాలా ఏళ్లు హాయిగా బతికాడు. (బీడీ మానలేదు.)

ఇప్పుడు నేనూ హామీల్లోని పెద్దల వయసుకు వచ్చాను. మొన్న మా వీధిలో మైకు బండి ఒకటి "పెద్దలకు ఇంటికే డాక్టరు" అంటూ పోయింది. ఎవరో ఆడపిల్ల, గొంతు చించుకుంటోంది. ఇంకా అదే మాటా అని నవ్వుకున్నాను. కాసేపటికి చూసుకుంటే, బీరువాలోంచి తాత టోకెను తీసి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.