సారు డబ్బా

గోవర్ధన్‌ను జగిత్యాలలో, కోరుట్లలో వ్యాపారులంతా శాంపిల్ సారు అంటారు. ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన కొత్తలోనే పడిన పేరది. హోటలుకు వెళ్తే గల్లా పక్క కుర్చీ దాటి వంటగదిలోకి పోడు. అక్కడ చెమట పడుతుందట. పాలైనా, కలాకండ్ అయినా, ఇంటికి పట్టుకెళ్లేదాని పేరు శాంపిలే. ల్యాబుకు పంపవా అని భార్య నీల ఒకసారి అడిగింది.

"నా నాలికె కంటె పెద్ద ల్యాబ్ ఏడున్నదే?" అన్నాడు. నవ్వులాటకు అనలేదు. నమ్మే అన్నాడు.

కోరుట్లలో ఐస్‌క్రీమ్ తయారుచేసి అమ్మే అభిలాష్‌కు ఆ నాలుక సంగతి బాగా తెలుసు. చిక్కటి బర్రె పాలతో, యాలకులు దంచి వేసి, ఒక డబ్బా విడిగా చేయించేవాడు. పనివాళ్లు దాన్ని సారు డబ్బా అనేవారు. అందరికీ అమ్మేది డాల్డా, పాలపొడి సరుకు. కరెంటు పోయి కరిగితే దాన్నే మళ్లీ గడ్డకట్టించి అమ్మేవాళ్లు. గోవర్ధన్ తన డబ్బా తీసుకుని, వెనక గది తలుపైనా తీయకుండా, అంతా శుభ్రంగా ఉందని ఏటా రాసేవాడు.

సిరిసిల్లలో మనవడి పుట్టినరోజుకు ఐస్‌క్రీమ్ ఎక్కడ తెద్దామని అల్లుడు అడిగితే ఆ దుకాణమే చెప్పాడు. అల్లుడు తన పేరు మీద తెప్పించాడు. అందరి సరుకే వచ్చింది. తెల్లారేసరికి పిల్లలకు వాంతులు. మనవడికి సెలైన్ ఎక్కించారు.

కూతురు వనిత ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"నాయినా, మా అత్త ఏమంటున్నదో ఎర్కేనా? మీ నాయిన పాసు జేసిన ఐస్‌క్రీమేనాయె, మంచిగనే ఉంటది తియ్యి అంటున్నది. నువ్వు పోయి శాంపిల్ తీస్కో. తినేది గాదు, ల్యాబుకు పంపేది. తప్పుంటే దుకాణం బంద్ వెట్టియ్యి. లేకుంటే గీ ఇంట్ల నేను తలెత్తుడెట్ల?"

"పోతున్న బిడ్డా."

పోయాడు. తప్పు తేలితే తాను ఏటా రాసిందీ బయటపడుతుందని దారిలో తోచింది.

అభిలాష్ రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ల్యాబుకంటున్నరు. ఏది గావాలె సార్? మీదా, అందరిదా?"

గోవర్ధన్ చుట్టూ చూశాడు. ఇంకెవరూ లేరు.

"నన్నడుగుతవేంది? ఎప్పుడిచ్చేది ఇయ్యి."

ఆ పూట ఉద్యోగంలో మొదటిసారి పని పద్ధతిగా చేశాడు. నాలుగు సీసాల్లో నింపాడు. చెడిపోకుండా మందు చుక్కలు వేశాడు. లక్క కరిగించి ముద్ర వేశాడు. పక్క దుకాణం వాళ్లను పిలిచి సాక్షి సంతకాలు పెట్టించాడు. డబ్బాలో మిగిలింది ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు.

కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. వెన్న ఉండాల్సినదాని కంటే ఎక్కువే ఉందట. వనితకు ఫోన్ చేసి చదివి వినిపించాడు.

"ఐస్‌క్రీమ్‌ల ఏం లేదట బిడ్డా. పుట్టినరోజు నాడు వండిన బగార అన్నమే తేడా కొట్టినట్టున్నది. మీ అత్తకు చెప్పు."

"అన్నం వండింది మా అత్తనే నాయినా."

గోవర్ధన్ రిపోర్టు మడతపెట్టాడు.

"పోరడు గా అన్నం ముట్టనే లేదు," అని ఫోన్ పెట్టేసింది.

గోవర్ధన్ లేచి ఫ్రిజ్ తెరిచాడు.

"డబ్బా ఏదే?"

"వాకిట్ల కుక్కకు వెట్టిన," అంది నీల. "నాకి సూసింది. పాసు జేసింది."