పదకొండు అడుగుల పొగగొట్టం

ఒక పొగగొట్టం పొడవును నేను శాస్త్రోక్తంగా నిర్ణయించినందువల్ల ఒక ఊరు ఊరంతా పట్టపగలు కన్నీరు మున్నీరుగా ఏడ్చింది. ఆ ఊళ్ళో ఆనాడు ఎవరూ చనిపోలేదు. అయినా ఏడవనివాడు ఒక్కడు లేడు. ఆ వైనం ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు, కాని వరుసలో నవ్వవలసిందని మనవి. చిరకాలం తరగతి గదిలో గడిపినవాణ్ణి. క్రమం తప్పిన నవ్వు నాకు సరిపడదు.

ఎనభైల నాటి మాట. గుంటూరులో ఒక మిషను హైస్కూల్లో నేను సైన్సు మాస్టరును. నలిగిన చొక్కాను, గీత దాటిన అక్షరాన్ని, బల్ల మీద వంకరగా పెట్టిన స్కేలును నేను క్షమించి ఎరుగను. మా ఆవిడ తమ్ముడు దానియేలు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అతనికి కొలబద్ద జానెడు చెయ్యి, గడియారం నడినెత్తిన ఎండ. తరతరాలుగా పరుల పొలాల్లో కూలికి వెళ్ళిన ఆ ఇంట్లో మొట్టమొదటిసారి కౌలుకు పొలం పట్టినవాడు అతడే. ప్రత్తిపాడుకు దిగువన, కాలువ పక్కన, నల్లరేగడిలో మిరప వేశాడు. కాపు విరగకాసింది. కాయలు కోసి, కళ్ళంలో ఎండబెట్టి, గోనె సంచుల్లో తొక్కించి, ఇక గుంటూరు మిర్చి యార్డుకు తరలిద్దామనుకుంటుండగా అకాల వర్షం కురిసింది.

బస్తాలు పట్టాల కింద భద్రంగానే ఉన్నాయి. బండి దారే పోయింది. నల్లరేగడి సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తెలియనివారు, వాన తరువాత అందులో ఒక అడుగు వేస్తే కాలి చెప్పు ఆ నేలకే శాశ్వతంగా కౌలుకు పోతుందని గ్రహిస్తే చాలు. లారీ రెండు మైళ్ళ ఎగువనున్న వంతెన దాకా మాత్రమే రాగలదు. ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది.

"ఇవి తడిస్తే నల్లబడిపోతాయి బావగారూ," అన్నాడు దానియేలు. "నల్లకాయని యార్డులో ఎవడూ ముట్టుకోడు. పంట చెడితే పొలం ఇంకొకడికిస్తానని ఆసామి ముందే చెప్పాడు. మళ్ళీ నేను కూలికి పోవాల్సిందే."

"పడవ లేదా?"

"ఉంది. ఎదురు నీళ్ళలో గెడ వేసి తోసుకుంటా పోతే వంతెన దాకా పోయేసరికి ఉగాది వస్తది. తాడుతో లాగుదామంటే మధ్యలో ఊరుందే, దానికివతల గట్టు తెగింది."

"ఇంజను?"

"నీళ్ళు తోడే ఆయిలింజనుంది. దాంతో ఏం చేస్తాం?"

ఏం చేస్తామో నాకు తెలుసు. చదువుకున్నవాడికి తెలియకపోవడం ఎంత ప్రమాదమో, తెలియడం అంతకు రెట్టింపు ప్రమాదం. మా స్కూలు లైబ్రరీలో ఒక విదేశీ పత్రిక పాత సంచిక ఉండేది. అందులో రెక్కల చక్రం లేని పడవల గురించి వ్రాశారు. ఇంజను పంపును తిప్పుతుంది. పంపు పడవ కింది నీటిని పీల్చి, వెనక్కు సన్నని ధారగా చిమ్ముతుంది. ఆ తోపుకు పడవ ముందుకు దూసుకుపోతుంది. ఆ వ్యాసంలోనే పొగగొట్టం పొడవును గురించి ఒక భాగం ఉంది. నా పతనానికి అదే నాంది.

సూత్రం సులభం. ఇంజను పొగ వదిలిన ప్రతిసారీ గొట్టంలో ఒక తరంగం బయలుదేరి, చివరిదాకా వెళ్ళి, వెనక్కు తిరిగి వస్తుంది. అది సరైన క్షణంలో తిరిగి వస్తే లోపల మిగిలిన పొగను లాగివేస్తుంది. ఇంజనుకు బలం పెరుగుతుంది. ముందుగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా, వడ్డన ముగిశాక వచ్చిన చుట్టంలా ఎవరికీ ఉపయోగపడదు. వేగంగా తిరిగే ఇంజనుకు మూరెడు గొట్టం చాలు. మా ఆయిలింజను నిదానస్తురాలు. నిదానం పెరిగినకొద్దీ గొట్టం పొడవు పెరగాలి. లెక్క వేశాను. పదకొండు అడుగులు వచ్చింది.

ఇంజనును, దాని పంపును పడవ వెనుక భాగంలో బిగించాము. ప్రత్తిపాడు నుంచి వెల్డింగు పనికి వలీని పిలిపించాము. ఎవరేది చెప్పినా కాదనని మంచి మనిషి.

"ఇంజను కంటే గొట్టమే పొడుగుంది మాస్టారూ."

"లెక్క ప్రకారం అంతే ఉండాలి."

"మీరెంతంటే అంత. గొట్టం మీది, పొగ మీది. నాదేముంది, అతకడమేగా! పైకి నిలబెడదామా?"

"కరెంటు తీగలు తగులుతాయి."

"అయితే వంచి పక్కకి తిప్పుతా."

"వంచడానికి వీల్లేదు. వంపు వస్తే తరంగం చెడుతుంది."

ఆ విధంగా గొట్టం, వెనక్కు పెడితే చుక్కానికి అడ్డం గనుక, పడవ వెనుకనున్న ఇంజను దగ్గర బయలుదేరి, మోకాలెత్తున, తిన్నగా, స్కేలు పెట్టి గీసిన గీతలా ముందుకు సాగింది. ఖాళీ పడవను కాలువలో దింపి పరీక్షించాము. మొదట పాత పొట్టి గొట్టంతో, తరువాత నా గొట్టంతో. నా గొట్టంతో పడవ వేగం నిజంగానే పెరిగింది. ఈ వాక్యాన్ని పాఠకులు దయచేసి మరొకసారి చదవాలి. ఈ జ్ఞాపకం మొత్తంలో నాకు అనుకూలమైన వాక్యం ఇదొక్కటే.

మర్నాడు బస్తాలు ఎక్కించడం మొదలుపెట్టాము. అప్పుడు దానియేలు బుర్ర గోక్కున్నాడు.

"బావగారూ, మీ గొట్టం బస్తాల మధ్యలోంచి పోతోంది."

"పోనీ."

"అది కాలుద్దేమో. కాస్త కోద్దామా?"

"అంగుళం కోసినా లెక్క తప్పుతుంది."

"పోనీ, తడి గోనె చుడదాం."

"గొట్టం చల్లబడితే లోపల ధ్వని వేగం తగ్గుతుంది. తరంగం ఆలస్యంగా వస్తుంది."

"ఆ తరంగమెవరో గానీ, కాస్త ఆలస్యంగా వస్తే మనకేం పోద్దండీ?"

"దానియేలూ! శాస్త్రాన్ని ఎగతాళి చేయరాదు."

పాపం, అతడు మళ్ళీ బస్తాలు ఎత్తసాగాడు. అక్క మొగుడు, అందులోనూ మాస్టరు. ఖాళీ పడవకు వేసిన లెక్కలో బస్తాలు లేవన్న సంగతి నాకు తట్టలేదు. పెళ్ళికి సమస్తం అమర్చి పెళ్ళికొడుకును పిలవడం మరచినవాడికి నేను పెద్దన్నను.

బయలుదేరాము. వలీ చుక్కాని దగ్గర, దానియేలు ముందు, నేను ఇంజను పక్కన చేతులు కట్టుకొని. ఎదురు ప్రవాహాన్ని చీల్చుకుంటూ పడవ సాగింది. గట్టున గేదెలు తలలెత్తి చూశాయి. ఒక మైలు గడిచింది. ఊరు దాటబోతున్నాము.

"పోపు వాసనొస్తంది బావగారూ," అన్నాడు దానియేలు.

"భోజనాల వేళ కదా."

వలీ గాలి పీల్చాడు. వెంటనే అతని ముఖం మారిపోయింది. "పోపు కాదు మాస్టారూ! మన బస్తా!"

గొట్టాన్ని ఆనుకున్న రెండు బస్తాలు రాజుకున్నాయి. మంట లేదు, పొగ మాత్రమే. దిష్టి తీసి నిప్పుల్లో వేసిన నాలుగు మిరపకాయలకే ఇల్లంతా దగ్గుతుందే, ఇక్కడ బస్తాలకు బస్తాలే! గుంటూరు జిల్లా మొత్తానికి ఒకేసారి దిష్టి తీసినట్లయింది. ముక్కు, నోరు, కన్ను అనే భేదం నశించి ముఖమంతా ఒకే పుండుగా మారింది.

"నీళ్ళు కొడదాం!" అంటూ వలీ బొక్కెన అందుకున్నాడు.

"చుక్క పడనివ్వను!" అని దానియేలు బస్తాలకు అడ్డం పడ్డాడు. "తడిస్తే అన్నీ పోతాయ్! నా కౌలు పోద్ది!"

కాలువ నిండా నీళ్ళున్నాయి. పడవలో నీళ్ళు చిమ్మే యంత్రమే ఉంది. నిప్పు మీద పోయడానికి మాత్రం మాకు చుక్క లేదు. బస్తా కాలి ఒకడేడుస్తుంటే, గొట్టం వంగిందేమోనని చూసిన ఇంకొకణ్ణి నేను. వలీ దూకాడు. రెండుసార్లు బస్తాలను లాగబోయి ఊపిరాడక దానియేలూ దూకాడు. నేను మాత్రం ఇంజనును పద్ధతిగా ఆపాను: మొదట వేగం తగ్గించి, తరువాత మీట మూసి. ఆ క్రమశిక్షణకు ఫలితంగా పొగలో సింహభాగం నా ఊపిరితిత్తులకే దక్కింది. అటుపిమ్మట నేనూ దూకాను.

పడవ కాస్త వెనక్కు కొట్టుకుపోయి, సరిగ్గా ఊరి చాకిరేవు పక్కన జమ్ములో ఇరుక్కుంది. లోపల బస్తాలు తాపీగా కుంపటిలా కాలుతున్నాయి. గాలి ఊరి వైపు వీస్తోంది. క్షణాల్లో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిల్లలు, పెద్దలు, కుక్కలు, కోళ్ళు సమస్తం దగ్గుతూ గట్టెక్కాయి.

"ఎవర్రా మీరు?" అని ఒక ముసలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని అరిచింది. "మా ఊరి మీద ఏం పగబట్టి వచ్చార్రా!"

"ఏరా దానియేలూ, నువ్వా?" అన్నాడు ఒక రైతు, కళ్ళు నులుముకుంటూ. "దాని మీద నీళ్ళు పొయ్యరా!"

"తడిస్తే నా కౌలు పోద్దన్నా!"

"ఇక్కడే ఉంటే మా ఊపిరి పోద్దిరా! ముందు దాన్ని తీసుకుపో!"

"ఎట్టా తీసుకుపోను? దాని దగ్గరికి పోయేదెవరు?"

రైతు గట్టు అంచుకు వచ్చాడు. పడవ ముక్కుకు కట్టిన లాగుడు తాడు నీళ్ళలో తేలుతోంది. దాని కొసను కర్రతో అందుకున్నాడు. "ఇక్కణ్ణుంచి గట్టు బాగానే ఉంది. ఒరేయ్, అందరూ పట్టండ్రా! వంతెన దాకా లాగితే పీడ పోద్ది!"

ఊరు ఊరే తాడు పట్టింది. తడి తువ్వాళ్ళు మూతులకు బిగించి, తిట్లే పాటగా, దగ్గులే తాళంగా లాగారు. ఆ ముసలమ్మ కూడా ఒక చెయ్యి వేసింది. రెండో చేత్తో నా వైపు వేలు చూపుతూ తిట్టింది. ఎదురు ప్రవాహంలో ఆ పడవ పరుగెత్తిన వేగం నా లెక్కలో ఎక్కడా లేదు. వంతెన దగ్గర వలీ తడి గోనె కప్పుకొని లోపలికి వెళ్ళి, కాలిన రెండు బస్తాలను గెడతో కాలువలోకి తోసేశాడు. మిగిలినవన్నీ పొడిపొడిగా లారీ ఎక్కాయి. పైన పట్టా బిగించిన తరువాతనే మొదటి చినుకు పడింది. దానియేలు కౌలు నిలిచింది.

లారీ కదిలాక అతడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి కళ్ళూ మంకెన పువ్వులే.

"మీ గొట్టం పనిచేసింది బావగారూ."

"ఎగతాళి చేయకు."

"ఎగతాళి కాదండీ. ఇంజను తోస్తే సగం దూరం వచ్చాం. పొగ తోస్తే మిగతా సగం వచ్చాం. చూస్తే పొగే గట్టిగా తోసింది."

వంతెన మీదనే, కారుతున్న ముక్కుతో, కుడిచెయ్యి చాపి, వలీ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట, దాని రెండో కొన ఎక్కడ తేలుతుందో కళ్ళారా చూడనిదే, భూమి మీదగాని నీటి మీదగాని ఏ గొట్టం పొడవునూ నేను నిర్ణయించబోను.

ఈ ప్రతిజ్ఞను నేటివరకు అక్షరాలా పాటించాను. ఇందులో నా నిగ్రహం గొప్పదనమేమీ లేదు. ఆ తరువాత మా ప్రాంతంలో ఎవరూ నా చేతికి గొట్టం ఇవ్వలేదు.