చప్పుడైనప్పుడు నువ్వేం చేస్తున్నవ్?

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో పొద్దుగూకిందంటే ముందు వాకిళ్లకు తెలిసేది, ఆ తర్వాతే ఆకాశానికి. బొగ్గు బావుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లు వరసగా, గోడకు గోడ ఆనుకుని ఉండేవి. ఆ వరసలనే లైన్లు అనేవాళ్లం. సాయంత్రం ప్రతి ఇంటి ముందూ ఇనుప బకెట్‌తో చేసిన బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే దాన్ని లోపలికి తీసుకుపోయేది. అన్నిటికంటే ముందు మా నాయనమ్మ పొయ్యి అంటుకునేది. మిగతా ఆడవాళ్లు పెంకుముక్కలు పట్టుకొచ్చి, తలా రెండు నిప్పులు అడిగి తీసుకుపోయేవాళ్లు. ఆ నీలం పొగలో వాళ్ల కాళ్లు కనబడేవి కావు. అందరూ నేలకు కాస్త పైన తేలుతూ వస్తున్నట్టుండేది నాకు.

ఒకనాడు మధ్యాహ్నం పక్కింటి అక్క ఇల్లు పేలిపోయింది. చప్పుడు నాకు గుర్తు లేదు గానీ, చప్పుడు తర్వాతి నిశ్శబ్దం గుర్తుంది. సున్నం పొడి ఎండలో మెరుస్తూ, ఏ తొందరా లేకుండా మా మంచం మీదికి దిగింది. అక్క ఇంటి కప్పు లేచిపోయింది. అవతలింటి గోడ కూలి అక్కడి ముసలాయన కాలు విరిగింది. అక్క నీళ్లు పట్టడానికి వీధి నల్లా దగ్గర, ఆమె పెనిమిటి డ్యూటీలో ఉండబట్టి ప్రాణాలతో మిగిలారు. ఇంకెక్కడికి పోతారని మా నాయనమ్మ వాళ్లిద్దరికీ మా ముందు గది ఇచ్చింది.

ఇక మొదలయ్యాయి మాటలు. కింద తవ్వి తవ్వి భూమిలోని గ్యాస్ పైకి తన్నిందని కొందరన్నారు. పోచమ్మకు మొక్కు తీర్చలేదు కాబట్టే అని మరికొందరు. కానీ వీటన్నిటినీ మింగేసిన మాట ఒకటుంది. అక్క పెనిమిటి బావి లోపల బొగ్గు పేల్చడానికి మందు పెట్టే పనిలో ఉండేవాడు. వాగులో చేపలు పట్టడానికి ఆ మందు ఇంట్లో దాచిపెట్టాడని ఆ మాట. ముందు 'దాచిండేమో' అన్నారు, మర్నాటికి 'దాచిండు' అన్నారు. అది ఆఫీసు దాకా పోతే ఆయన కొలువు పోతుంది, కొలువుతో పాటు లైన్లలో ఉండే హక్కూ పోతుంది. ఇల్లు పేలినా ప్రాణాలతో మిగిలినవాళ్లు మాటతో రోడ్డున పడేటట్టున్నారు. వాకిట్లో నిప్పు కోసం వచ్చినవాళ్లు అనే ప్రతి మాటా కిటికీ లోంచి అక్కకు వినబడేది. ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చునేది.

విచారణకు ఆఫీసు మనుషులు వస్తున్నారని తెలిసిన సాయంత్రం, ఎదురింటి చిన్నమ్మ అందరికంటే ముందు పెంకు పట్టుకొచ్చింది. ఆ చేపల కథను లైనంతా తిప్పింది ఆమే.

"పెద్దవ్వా, జర నిప్పియ్యి."

"ఇస్త గని, గా పొద్దు చప్పుడైనప్పుడు నువ్వేం చేస్తున్నవో చెప్పు," అంది మా నాయనమ్మ, పటకారు పైకెత్తి పట్టుకుని.

"నేనా? ఏమున్నది చెప్ప? గా పిలగాడు మందు తెచ్చి..."

"గది నువ్వు చూసినవా? చూసింది చెప్తెనే నిప్పు."

"గిదేం పరేషాన్ పెడ్తున్నవే ముసల్దానా!" అని చిన్నమ్మ నవ్వింది. తర్వాత పెంకు కింద పెట్టి పొయ్యి ముందు కూర్చుంది. "చింతపండు కొట్టుకుంట కూసున్న. గింజలన్ని చాటలకెళ్లి లేశినయి. నా మొకం ముంగట ఆగినట్టే ఉండె."

ఆమె గొంతు మారిపోయింది. మా నాయనమ్మ ఆమె పెంకులో రెండు నిప్పులు వేసింది. వెనక వచ్చినవాళ్లు కూడా పొయ్యి చుట్టూ కూర్చున్నారు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న ఒకాయన, బావి లోపలే ఉన్నట్టు కల కంటున్నాడట. కళ్లు తెరిస్తే కప్పు పెంకులు చెదిరి పైన ఆకాశం కనబడింది, బతికి బయటికొచ్చానని దండం పెట్టాడట. పాలు పోసే ఆమె తలెత్తి చూస్తే తీగ మీద ఆరేసిన పసుప్పచ్చ చీర ఒకటి ఎవరూ కట్టుకోకుండానే గాలిలో నడుచుకుంటూ పోయిందట. చెబుతున్నకొద్దీ మాటలు మెల్లబడ్డాయి. ఎవరూ కళ్లారా చూసినదాంట్లో మందు లేదు, చేపలు లేవు.

అప్పుడు తలుపు చప్పుడైంది. అక్క బయటికొచ్చి గడప మీద నిలబడింది. మా నాయనమ్మ ఆమెను కూడా వదల్లేదు, అదే ప్రశ్న అడిగింది.

"నల్లా కాడ ఉన్న. బిందె నిండుతున్నది," అంది అక్క. "చప్పుడు ఇని, అయ్యో, పాపం, ఎవలిల్లో అనుకున్న."

చిన్నమ్మ పెంకులోని నిప్పులు బూడిద కప్పుకుంటున్నాయి, ఆమె వాటిని చూడటం లేదు. కాసేపటికి లేచి అక్క చెయ్యి పట్టుకుంది. "పా బిడ్డా, మా ఇంట్ల రొట్టె తిందువు," అని తీసుకుపోయింది. నిప్పు మరిచిపోతే నేనే మళ్లీ పట్టుకెళ్లి ఇచ్చాను.

విచారణకు వచ్చినవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. చింతగింజల సంగతి విన్నారు, పసుపు చీర సంగతి విన్నారు, రాసుకుని వెళ్లిపోయారు. అక్క పెనిమిటి కొలువు నిలిచింది. ఆ ఇల్లు ఎందుకు పేలిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రాత్రి మా నాయనమ్మ పక్కలో పడుకుని గుసగుసగా అడిగాను, నీకేమనిపిస్తుందని. "నాకేం తెల్సు బిడ్డా? గప్పుడు నేను పప్పుల రాళ్లేరుతున్న," అని అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు కరీంనగర్‌లో నా మనవరాలు ఫోన్ పట్టుకుని వస్తుంది. ఎక్కడో ఒక గల్లీలో ఇల్లు పేలిందని, సిలిండరని ఒకరు, ఇంకేదో అని ఇంకొకరు రాస్తున్నారని చూపిస్తుంది. "ఎందుకు పేలిందంటవు నాయనమ్మా?" అంటుంది. నాకేం తెలుసు బిడ్డా అంటాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఎక్కడో ఒక నల్లా కింద బిందె నిండుతూ ఉంటుంది. దాని పక్కన ఎవరో ఒకామె తలెత్తి, పాపం, ఎవరిల్లో అనుకుంటూ ఉంటుంది.